అచ్చుగుద్దినట్టు ఉండని మందులు: బయోసిమిలర్లను ఎలా నమ్మాలి?

ఏళ్ల తరబడి వాడుతున్న ఇంజెక్షన్ పెట్టె మీద పేరు ఒక రోజున మారిపోతుంది. అడిగితే "ఇదీ ఆ మందే, బయోసిమిలర్" అంటారు. మొదట వచ్చిన మందును, అంటే మూల మందును, పోలేలా మరో కంపెనీ చేసిన మందని దానర్థం. ఆ పేరులోనే "సిమిలర్" అని ఉంది కదా, అంటే పోలిక ఉందనే గానీ అదే అని కాదుగా అన్న అనుమానం అక్కడే మొలకెత్తుతుంది. కీళ్లవాతం అదుపులోకి రావడానికి నెలలు పట్టిన మనిషికి, క్యాన్సర్ చికిత్స సగంలో ఉన్న మనిషికి ఇది చిన్న అనుమానం కాదు. "ఏం పర్వాలేదండీ" అని సర్దిచెప్పి పంపేస్తే తీరేదీ కాదు. ఆ మందు ఎలా పుడుతుందో, దాన్ని మొదటి మందుతో ఎలా పోల్చి చూస్తారో తెలిస్తే తప్ప తీరదు. తెలుసుకునే హక్కు రోగికి ఉంది. అందుకే కాస్త మొదటినుంచీ చెప్పుకుందాం.

ముందు మామూలు మాత్ర సంగతి. ఆస్పిరిన్ అణువులో ఉన్నవి మొత్తం 21 పరమాణువులు: 9 కార్బన్, 8 హైడ్రోజన్, 4 ఆక్సిజన్. రసాయనాలు కలిపి, వేడిచేసి, శుద్ధిచేసి దాన్ని తయారు చేస్తారు. ఏ దేశంలో ఎవరు చేసినా, సరిగా చేస్తే వచ్చేది అచ్చుగుద్దినట్టు అదే అణువు. పేటెంట్ గడువు తీరాక మరో కంపెనీ అదే అణువును తయారు చేస్తే దాన్ని జెనరిక్ అంటాం. ఆ కంపెనీ ముఖ్యంగా రుజువు చేయాల్సింది, తన మందు రక్తంలోకి అసలు మందు చేరినంత మోతాదులో, అంతే వేగంతో చేరుతోందని. కొన్ని డజన్ల మంది ఆరోగ్యవంతులకు రెండూ ఇచ్చి రక్తంలో మందు స్థాయిని కొలుస్తారు. ఇక్కడ కనిపించే "80 నుంచి 125 శాతం" అన్న హద్దును చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మాత్రలో మందు 20 శాతం తక్కువున్నా చెల్లిపోతుందని దాని అర్థం కాదు. కొలతలో ఉండే అనిశ్చితి మొత్తాన్ని కలుపుకొని ఫలితం ఆ హద్దుల్లోపలే ఇమడాలి. సగటు తేడా బాగా తక్కువగా ఉంటే తప్ప అలా ఇమడదు.

ఇప్పుడు అడాలిముమాబ్‌ను చూడండి. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి, పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధికి వాడే యాంటీబాడీ మందు ఇది. దీని అణువులో 1,330 అమైనో ఆమ్లాలున్నాయి, పరమాణువులైతే 20 వేలకు పైనే. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు. ఆస్పిరిన్ అణువు బరువు 180 డాల్టన్లయితే దీనిది దాదాపు 1,48,000 డాల్టన్లు. అంటే 800 రెట్లకు పైగా పెద్దది. ఇంత పెద్ద అణువును ఫ్లాస్కులో రసాయనాలు కలిపి తయారు చేయలేం. దాన్ని తయారు చేయగలిగేది ప్రాణమున్న కణమే. ఇలా కణాలచేత చేయించే మందులనే బయోలాజిక్ మందులంటారు.

కణం చేసే పని

1982లో అమెరికా ఆమోదించిన మానవ ఇన్సులిన్, జన్యు సాంకేతికతతో తయారై మార్కెట్లోకి వచ్చిన మొదటి మందు. మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, వాటిచేత ఇన్సులిన్ చేయించారు. ఇన్సులిన్ చిన్న ప్రోటీన్, 51 అమైనో ఆమ్లాలే కాబట్టి బ్యాక్టీరియా సరిపోయింది. యాంటీబాడీల్లాంటి పెద్ద ప్రోటీన్లకు ఆ కణాలు చాలవు. వాటిని ఎక్కువగా చైనా హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయం నుంచి వచ్చిన కణాల్లో తయారు చేయిస్తారు. మనకు కావలసిన ప్రోటీన్ జన్యువును ఆ కణాల్లో చేర్చి, అన్నిటికన్నా బాగా పనిచేసే కణాన్ని ఏరి, దాని సంతతిని పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకుల్లో పెంచుతారు. అవి ద్రవంలోకి వదిలిన ప్రోటీన్‌ను వడకట్టి, దశలవారీగా శుద్ధి చేస్తారు.

చిక్కంతా ఇక్కడుంది. కణం ప్రోటీన్ గొలుసును అల్లి ఊరుకోదు. దాని మీద అక్కడక్కడా చక్కెర గొలుసులను అతికిస్తుంది. గొలుసులోని అమైనో ఆమ్లాల వరుస జన్యువు చెప్పినట్టే వస్తుంది. ఈ చక్కెరల అమరిక మాత్రం ట్యాంకులో ఉష్ణోగ్రతను బట్టి, ప్రాణవాయువును బట్టి, కణాలకు పెట్టే ఆహారాన్ని బట్టి కొద్దికొద్దిగా మారుతుంటుంది. ఇవి అలంకారానికి ఉన్న చక్కెరలు కావు. ఎరిత్రోపొయిటిన్ అనే మందు రక్తంలో ఎంతసేపు నిలుస్తుందో దాని చక్కెర గొలుసులు నిర్ణయిస్తాయి. యాంటీబాడీల్లో ఫ్యూకోజ్ అనే చిన్న చక్కెర తగ్గితే, ఆ యాంటీబాడీ రోగనిరోధక కణాలను ఇంకా గట్టిగా పిలుస్తుంది.

కాబట్టి ఒకే సీసాలో ఉన్న కోటానుకోట్ల అణువులన్నీ కూడా ఒకేలా ఉండవు. ఒకే చెట్టు ఆకులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ కచ్చితంగా ఒకేలా ఉండనట్టే ఇదీ. అయినా వేపాకును చూసి వేపాకేనని గుర్తుపడతాం. ఆ జాతి ఆకు ఎంతవరకు మారుతుందో, ఏది దాటితే అది వేరే ఆకో మనకు తెలుసు కాబట్టి. బయోలాజిక్ మందుల నాణ్యత కూడా ఇలాంటి హద్దుల మీదే నిలబడి ఉంది.

బయోసిమిలర్ అంటే భయపడేవాళ్లకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది నా దృష్టిలో ఇదే: మూల మందు కూడా తనకు తాను అచ్చుగుద్దినట్టు ఉండదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య చిన్న తేడాలుంటాయి. పైగా కంపెనీలు ఏళ్లు గడిచేకొద్దీ ఫ్యాక్టరీ మారుస్తాయి, వడపోత పద్ధతి మారుస్తాయి, ఉత్పత్తిని పెంచుతాయి. రిటుక్సిమాబ్, ఎటనర్‌సెప్ట్ లాంటి పేరున్న మూల మందుల్లో చక్కెర గొలుసుల తీరు ఒక దశ తర్వాత స్పష్టంగా మారిందని, మార్కెట్లో దొరికిన బ్యాచ్‌లనే కొలిచి 2011లో శాస్త్రవేత్తలు చూపించారు. పెట్టె మీద పేరు మారలేదు. రోగులకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే మార్పుకు ముందు మందునూ తర్వాతి మందునూ పక్కపక్కన పెట్టి పోల్చి, ఆ తేడా చికిత్సలో తేడాగా మారదని నియంత్రణ సంస్థలు తేల్చుకున్నాయి. అలా పోల్చడానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు 2004 నాటికే ఉన్నాయి. బయోసిమిలర్‌ను పరీక్షించే శాస్త్రం కూడా అదే వేరునుంచి పుట్టింది. కాకపోతే ఇక్కడ పోల్చేది రెండు వేర్వేరు కంపెనీల మందులను, అందుకే పరీక్ష ఇంకా కఠినంగా ఉంటుంది.

చిన్న మార్పు ఎంత పని చేయగలదో కూడా దాచకుండా చెప్పాలి. కిడ్నీ రోగుల్లో రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ మందుల్లో యూరప్‌లో ఎప్రెక్స్ అనేది ఒకటి. 1998లో దానిలో మందును నిలకడగా ఉంచడానికి కలిపే మానవ ఆల్బుమిన్‌ను తీసేసి పాలీసార్బేట్ 80 అనే పదార్థం కలిపారు. తర్వాతి కొన్నేళ్లలో, దాన్ని చర్మం కింద వేయించుకుంటున్న రోగుల్లో ఒక అరుదైన, తీవ్రమైన రక్తహీనత కేసులు ఒక్కసారిగా పెరిగాయి. శరీరం ఆ మందుకు ఎదురు యాంటీబాడీలు తయారు చేసుకుంది. ఆ యాంటీబాడీలు మనిషిలో సహజంగా ఉండే ఎరిత్రోపొయిటిన్‌నూ అడ్డుకున్నాయి, దాంతో మజ్జలో ఎర్రకణాల తయారీయే ఆగిపోయింది. సిరంజిలోని రబ్బరు బిరడానుంచి కొత్త ద్రావణంలోకి ఊరిన పదార్థాలు ఒక కారణం కావచ్చని పరిశోధకులు అనుమానించారు. బిరడాలకు పూత వేశారు, కిడ్నీ రోగులకు చర్మం కింద ఇవ్వడం ఆపారు, కేసులు తగ్గిపోయాయి. ఇది బయోసిమిలర్‌లో జరిగింది కాదు, మూల మందులోనే జరిగింది. బయోసిమిలర్ నిబంధనలు రాసినవాళ్ల మనసులో ఈ ఉదంతం బలంగా నాటుకుంది. ప్రోటీన్ ఒకటే అయితే చాలదు, అది ఏ ద్రావణంలో, ఏ సిరంజిలో ఉందో కూడా చూడాలన్న పట్టుదలకు ఇదొక కారణం.

తలకిందులైన పిరమిడ్

కొత్త మందుకు అనుమతి రావాలంటే పెద్ద పెద్ద క్లినికల్ ట్రయల్స్ పునాది. ఆ మందు అసలు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు కాబట్టి రోగుల మీద చూసి తీరాలి. బయోసిమిలర్‌కు ప్రశ్నే వేరు. ఈ అణువు పనిచేస్తుందని మూల మందు ఎప్పుడో రుజువు చేసింది. ఇప్పుడు తేలాల్సింది, ఇది ఆ అణువేనా, తేడాలుంటే అవి లెక్కలోకి వచ్చేవా అని. అందుకే ఇక్కడ పునాది ప్రయోగశాల.

కంపెనీ మొదట మూల మందు బ్యాచ్‌లను మార్కెట్లో కొంటుంది, ఒకటీ రెండూ కాదు, కొన్నేళ్లపాటు పదులకొద్దీ. వాటన్నిటినీ కొలిచి, మూల మందు సహజంగా ఎంత మేర అటూఇటూ అవుతుందో హద్దులు గీసుకుంటుంది. ఆ తర్వాత తన కణాలను, తన ట్యాంకులను సవరించుకుంటూ ఆ హద్దుల్లోపలికి వచ్చేదాకా పనిచేస్తుంది. అమైనో ఆమ్లాల వరుస మాత్రం ఒక్కటీ తేడా లేకుండా అదే ఉండాలి. అందులో బేరం లేదు. అణువుల బరువును సూక్ష్మంగా కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటి పద్ధతులతో చక్కెర గొలుసులను విడదీసి లెక్కిస్తారు. ప్రోటీన్ సరిగ్గా మడత పడిందా, ముద్దకట్టిందా, దానికి లక్ష్యమైన అణువును ఎంత గట్టిగా పట్టుకుంటోంది, కణాల మీద అదే ప్రభావం చూపుతోందా అన్నవన్నీ పదుల పరీక్షల్లో తేల్చుకుంటారు. ఇవన్నీ నెగ్గాక మనుషుల్లో రక్తంలో మందు స్థాయిలను పోలుస్తారు, ఎదురు యాంటీబాడీలు ఎంతమందిలో పుడుతున్నాయో చూస్తారు. సాధారణంగా ఒక జబ్బులో, రోగుల మీద నేరుగా పోల్చే ట్రయల్ కూడా చేస్తూ వచ్చారు.

ట్రయల్స్ తక్కువైతే నమ్మకం తక్కువ కావాలి కదా అని అడగడం సహజం. కానీ తేడాలు పట్టుకోవడంలో క్లినికల్ ట్రయల్ మొద్దు పనిముట్టు. ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య వయసులో, బరువులో, జబ్బు తీవ్రతలో ఉండే తేడాలే రెండు మందుల మధ్య చిన్న తేడాను మింగేస్తాయి. ప్రయోగశాల పరికరం మాత్రం చక్కెర గొలుసులో కొద్ది శాతం మార్పును కూడా పట్టేస్తుంది. అందుకే బ్రిటన్ నియంత్రణ సంస్థ 2021లో, చాలా సందర్భాల్లో పోలిక ట్రయల్ తప్పనిసరి కాదని మార్గదర్శకాల్లో రాసింది. దీన్ని సడలింపుగా కొందరు చూశారు. నాకు మాత్రం ఇది బలమైన సాక్ష్యం వైపు మొగ్గడంలాగే కనిపిస్తుంది. రోగులను అవసరం లేని ట్రయల్స్‌లోకి లాగకపోవడం కూడా నైతిక విషయమే.

యూరప్ ఈ దారిని అందరికన్నా ముందు వేసింది. అక్కడ అనుమతి పొందిన మొదటి బయోసిమిలర్ 2006లో వచ్చిన ఓమ్నిట్రోప్ అనే గ్రోత్ హార్మోన్. మొదటి యాంటీబాడీ బయోసిమిలర్ 2013లో వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్. అమెరికాలో చట్టం 2010లో వచ్చింది, ఆ చట్టం కింద మొదటి మందు, తెల్లకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్, 2015లో అనుమతి పొందింది.

ఒక జబ్బులో చూసి ఇంకో జబ్బుకు

రోగులకు, డాక్టర్లకు కూడా మింగుడుపడనిది ఒకటుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ బయోసిమిలర్‌ను ట్రయల్స్‌లో చూసింది కీళ్లవాతంలో, వెన్నుపూసల వాపు జబ్బులో. అనుమతి ఇచ్చింది పేగుల జబ్బు క్రోన్స్‌కు కూడా. చూడని జబ్బుకు ఎలా ఇస్తారు? జవాబు: అణువు అదే అని తేలాక, మూల మందు అన్ని జబ్బుల్లో సంపాదించిన సాక్ష్యం దీనికీ వర్తిస్తుంది. అయితే ఆ జబ్బులన్నిటిలో మందు పనిచేసే విధానం గురించి శాస్త్రీయంగా సమర్థించగలగాలి. ఇది మొక్కుబడి తంతు కాదనడానికి కెనడాయే సాక్ష్యం. చక్కెర గొలుసుల్లో కనిపించిన ఒక తేడా వల్ల రోగనిరోధక కణాలను పట్టుకునే బలం కొద్దిగా మారిందని, పేగుల జబ్బుల్లో అది లెక్కలోకి రావచ్చని 2014లో కెనడా ఆ జబ్బులకు అనుమతి నిరాకరించింది. అదనపు ఆధారాలు చూశాక 2016లో ఇచ్చింది.

మూల మందు మీద ఉన్నవాళ్లను మధ్యలో బయోసిమిలర్‌కు మార్చడం మరో పెద్ద ప్రశ్న. నార్వే ప్రభుత్వం డబ్బు పెట్టి చేయించిన నార్-స్విచ్ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద నిలకడగా ఉన్న 482 మందిలో సగం మందిని బయోసిమిలర్‌కు మార్చి, మిగతావాళ్లకు మూల మందే కొనసాగించారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలియదు. ఏడాదిలో జబ్బు ముదిరినవాళ్లు మూల మందు వర్గంలో 26 శాతం, బయోసిమిలర్ వర్గంలో 30 శాతం. రెండు వర్గాల మధ్య తేడాకు ముందే పెట్టుకున్న 15 శాతం హద్దులో ఇది ఇమిడింది.

క్రోన్స్ రోగులను విడిగా తీసి చూస్తే మాత్రం అంకెలు కలవరపెట్టాయి: 21 శాతానికి ఎదురుగా 36 శాతం. ఆ అధ్యయనంలో ఒక్కో జబ్బును విడిగా తేల్చేంత మంది రోగులు లేరు, కాబట్టి అది కాకతాళీయం కావచ్చని చాలామంది అన్నారు. కావచ్చన్నంత మాత్రాన రోగి స్థిమితపడడు. అందుకే క్రోన్స్ రోగులనే తీసుకొని, 220 మందితో చేసిన ట్రయల్ 2019లో వచ్చాక ఊపిరి పీల్చుకోవడం సాధ్యమైంది. మొదటినుంచీ బయోసిమిలర్ తీసుకున్నవాళ్లూ, మధ్యలో మారినవాళ్లూ మూల మందు వాడినవాళ్లకన్నా వెనకబడలేదని తేలింది. కలవరపెట్టే అంకెను పక్కకు నెట్టేయకుండా దాని వెంటపడి తేల్చుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించిన విషయం.

ఇంకొకటుంది. ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియని ట్రయల్స్‌తో పోలిస్తే, "నీ మందు మారుస్తున్నాం" అని చెప్పి మార్చినప్పుడు మందు మానేసేవాళ్లు ఎక్కువ. మానేయడానికి వాళ్లు చెప్పే కారణాలు తరచుగా నొప్పి, అలసట లాంటివి, పరీక్షల్లో పట్టుబడనివి. దీన్ని నొసీబో ప్రభావం అంటారు. చెడు జరుగుతుందన్న ఎదురుచూపే బాధను తెచ్చిపెట్టడం. ఆ బాధ నటన కాదు, నిజంగా కలిగే బాధే. అందుకే మందు మార్చేటప్పుడు డాక్టరు వెచ్చించే పది నిమిషాలు కూడా చికిత్సలో భాగమే. పేరు మార్చి చేతిలో పెట్టి పంపడం, మందు మంచిదైనా, మంచి వైద్యం కాదు.

మాటల గందరగోళం

అమెరికాలో కొన్ని బయోసిమిలర్లకు "ఇంటర్‌చేంజబుల్" అనే హోదా ఉంటుంది. ఆ హోదా ఉంటే, రాష్ట్రాల నిబంధనలకు లోబడి, డాక్టరును మళ్లీ అడగకుండానే ఫార్మసిస్టు మూల మందు బదులు దాన్ని ఇవ్వవచ్చు. 2021 జులైలో ఒక ఇన్సులిన్ గ్లార్జిన్‌కు మొదటిసారి ఈ హోదా వచ్చింది. ఆ హోదా లేనివి నాసిరకమని దీనర్థం కాదు, అది నాణ్యత ముద్ర కానే కాదు. యూరప్‌లో అలాంటి విభజనే లేదు. అక్కడ అనుమతి పొందిన ప్రతి బయోసిమిలర్ మూల మందుతో మార్చుకోదగినదేనని 2022లో యూరప్ మందుల సంస్థ ప్రకటించింది. ఫార్మసీలో మార్చవచ్చా లేదా అన్నది ఆయా దేశాలకు వదిలేసింది.

జెనరిక్‌కూ బయోసిమిలర్‌కూ మధ్య గీత కూడా అన్నిచోట్లా ఒకే చోట లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్‌ను పంది పేగులనుంచి తీసిన హెపారిన్‌తో చేస్తారు. అమెరికా 2010లో దాని నకలును జెనరిక్‌గా ఆమోదించింది, యూరప్ 2016లో బయోసిమిలర్‌గా ఆమోదించింది. ఇక "బయోబెటర్" అనేది వేరే సంగతి: కావాలని మార్చి మెరుగుపరిచిన మందు. ఫిల్‌గ్రాస్టిమ్‌కు ఒక రసాయన తోక తగిలించి, రక్తంలో ఎక్కువ రోజులు నిలిచేలా చేసిన పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అలాంటిదే. అది కొత్త మందు కింద లెక్క. మూల మందుతో వరసగా పోల్చి చూడకుండా ఎక్కడైనా అనుమతి పొందిన నకళ్లుంటే వాటిని బయోసిమిలర్ అనకూడదు. పోల్చి చూడటమే ఆ పేరుకు అర్హత.

బయోసిమిలర్ జెనరిక్ అంత చవకగా ఎందుకు ఉండదన్న ప్రశ్నకు జవాబు పైన చెప్పిన పనిలోనే ఉంది. ఒకదాన్ని అభివృద్ధి చేయడానికి ఏడెనిమిదేళ్లు, పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పడుతుందని అంచనాలు. అయినా ధర తగ్గితే చికిత్స ముందుగానే, ఎక్కువమందికి మొదలుపెట్టగలుగుతారు. దీనికి అడ్డం పడేది శాస్త్రం ఒక్కటే కాదు. అడాలిముమాబ్ మూల మందు హ్యుమిరా మీద అమెరికాలో వందకు పైగా పేటెంట్లు పేరుకున్నాయి. యూరప్‌లో దాని బయోసిమిలర్లు 2018 అక్టోబరులో అమ్మకానికి వచ్చాయి. అమెరికా రోగులు 2023 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగేళ్ల తేడాకు ప్రయోగశాలలో ఏ కారణమూ లేదు. మందు ఉండి కూడా అందకపోవడం కన్నా బాధాకరమైనది ఈ రంగంలో నాకు కనబడదు.

మందు మారే రోజున

మందు మారినప్పుడు అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రోటీన్ ఒకటే అయినా దానితో కలిపే పదార్థాలు, ఇంజెక్షన్ పెన్ను వేరుగా ఉండవచ్చు. సిట్రేట్ కలిపిన అడాలిముమాబ్ గుచ్చినప్పుడు ఎక్కువ మంట పుడుతుంది, సిట్రేట్ లేనిది అంతగా మండదు. సూది మూతలో రబ్బరు పాలు ఉంటే లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. పెన్ను నొక్కే తీరు మారితే ఒకసారి నేర్పించమని అడగాలి, మొదటి డోసు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే. ఏ కంపెనీదైనా వీటిని సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, కుదపకూడదు. ప్రోటీన్ మడత విప్పుకుంటే మళ్లీ పనికిరాదు.

ఒంట్లో ఎదురు యాంటీబాడీలు పుట్టి మూల ఇన్‌ఫ్లిక్సిమాబ్ పనిచేయడం మానేస్తే, దాని బయోసిమిలర్‌కు మారి లాభం లేదు. ఆ యాంటీబాడీలు దీన్ని కూడా అలాగే పట్టుకుంటాయి. రోగి శరీరానికి ఈ రెండూ ఒకటేనని చెప్పడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు. అలాంటప్పుడు వేరే రకం మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి.

ఇంజెక్షన్ వేయించుకున్న ప్రతిసారీ తేదీతో పాటు మందు వ్యాపార నామం, బ్యాచ్ నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. మూల మందు వాడుతున్నా సరే రాసుకోండి. రేపు ఏదైనా తేడా చేస్తే, అది ఏ కంపెనీ ట్యాంకులో, ఏ విడతలో తయారైందో వెతికి పట్టుకోవడానికి ఆ రెండే దారి చూపుతాయి.